నోటికి తాకించని ఉప్పు

తాళం తీసింది ఎసెంకుల్ అయినా, గదిలోకి ముందు అడుగు పెట్టింది రసాయనశాస్త్రం చెప్పే కల్బూబు. చలికాలమంతా మూసి ఉన్న రసాయన గది అది. తడి సుద్దముక్కల వాసనా, ఎప్పుడో ఆరిపోయిన స్పిరిటు వాసనా కలిసి మొహాన కొట్టాయి. ఆమె కొంగుగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్ళి కిటికీ రెక్కలు తోసింది. రెక్కలు బిగుసుకుపోయి ఉన్నాయి. భుజంతో ఒక్క తోపు తోసేసరికి తెరుచుకున్నాయి. ఎదురుగా ఎర్రమట్టి కొండ, దాని నడుముకి ఉప్పుగని నోరు, కింద అప్పుడప్పుడే పచ్చబడుతున్న మేత నేల కనిపించాయి. ఎక్కడో గొర్రెపిల్లలు అరుస్తున్నాయి.

ఎసెంకుల్ గడప బయటే నిలబడ్డాడు. ఆయన ఈ బడికి పెద్ద. పిల్లలూ పంతుళ్ళూ అందరూ ఆయన్ని, అన్నయ్య అన్నట్టుగా, అగాయ్ అనే పిలుస్తారు. తాళంచెవి తాడుని చూపుడు వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుడుతున్నాడు.

"గురువారం జిల్లా నుంచి వస్తున్నారు" అన్నాడు. "పెద్దాయన కదిరాలి కూడా వస్తాడట. ఆయన చేత చదువు చెప్పించుకోని వాడు ఈ జిల్లాలో లేడు. ఆయన ముందు నీ బహిరంగ పాఠం సజావుగా సాగిందంటే తాళంచెవి నీకిచ్చేస్తాను. ఏ చిన్న పొరపాటు జరిగినా ఈ గది ఆటల మాస్టారుకి పోతుంది. బంతులూ వలలూ పెట్టుకోడానికి చోటు లేదని నా ప్రాణం తీస్తున్నాడు."

"పొరపాటేమీ జరగదు అగాయ్."

"కిందటిసారీ అదే అన్నావు."

కల్బూబు గుడ్డ తడిపి పొడుగాటి బల్లని ఈ చివర నుంచి ఆ చివరకి తుడిచింది. సంచిలోంచి ఉప్పురాయి తీసి రోట్లో వేసి రోకలితో నెమ్మదిగా నలగ్గొట్టడం మొదలుపెట్టింది. పిడికిలంత రాయి. ఎర్రటి చారలూ, మధ్యమధ్య బూడిదరంగు మట్టీ. గొర్రెలు నాకి నాకి ఒక పక్క నున్నగా అరిగిపోయింది.

"రాయి ఎక్కడిది?"

"బురుల్ వాళ్ళింటిది. వాళ్ళ దగ్గర గొర్రెలకి పెట్టేవి ఉన్నాయంటే తెమ్మన్నాను."

వేలికి చుట్టుకుంటున్న తాడు ఆగిపోయింది. ఎసెంకుల్ గడప మీద ఒక కాలు పెట్టాడు.

"ఇదిగో కల్బూబూ, ముందే చెప్తున్నాను విను. ఆ పిల్ల గురువారం బడికి రాకూడదు. ఆ రోజు ఇంటి దగ్గర ఉండమని నువ్వే చెప్పు."

"ఎందుకండీ? క్లాసంతా ఉంటుంది కదా."

"క్లాసంతా ఉంటుంది కాబట్టే. ఎవరో ఒకడు నవ్వుతాడు, ఎవరో ఒకడు 'మేక' అంటాడు, పెద్దాయనేమో మేకేమిటి నాయనా అని అడుగుతాడు. అప్పుడు ఎవరు చెప్పాలి? నువ్వా, నేనా?" ఆయన గొంతు కాస్త తగ్గించాడు. "ఇంకోటి. రుచి చూడకూడదన్న నియమం పిల్లల చేత పలికించకు. గోడ మీద రాసి ఉందిగా, చాల్లే. దాని ఊసెత్తితే పాత కథంతా బయటికొస్తుంది."

"అది లేకుండా పాఠం ఎలాగండీ?"

"మిగతావన్నీ ఉన్నాయిగా! కళ్ళద్దాలు, జుట్టు ముడి, మంట దగ్గర చేతులు. ఎన్ని కావాలి?" తాడు వేలికి బిగించి మళ్ళీ తనే అన్నాడు. "నువ్వు చూళ్ళేదు. నేను చూశాను. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే జీపులో దాని తల నా ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. దారి పొడుగునా నీలంగా కక్కుతూనే ఉంది. వంతెన దాటేసరికి ఇక అయిపోయిందనుకున్నాను. ఇప్పటికీ ఆ వంతెన దాటినప్పుడల్లా ఒకసారి ఒళ్ళోకి చూసుకుంటాను."

కల్బూబు కళ్ళు బల్ల మీదికి పోయాయి. కిందటి శరత్తులో అదే బల్ల మీద పిల్లలు ఉప్పునీళ్ళు కాచారు. ఆ పొద్దున పెద్ద తరగతి వాళ్ళు మైలుతుత్తం, ఆ నీలం విషం, కాచిన గిన్నెల్లో ఒకటి సరిగా కడగకుండా వీళ్ళ గిన్నెల్లో కలిసిపోయింది. తెల్లటి ఉప్పు పేరుకోగానే బురుల్ వేలు తడిచేసుకుని అద్దుకుని నోట్లో పెట్టుకుంది. బతికి బయటపడ్డాక పిల్లలు దానికి ఉప్పు నాకే మేక అని పేరు పెట్టారు. ఆ గిన్నెలు కడిగి ఆరబెట్టింది కల్బూబే. ఆ తర్వాత ఆమె మైలుతుత్తం గిన్నెల అడుగున ఎర్రరంగు పూసి వేరే అరలో పెట్టినా, అగాయ్ గదికి తాళం వేసేశాడు.

"సరేనండీ" అంది రోకలి ఆపకుండా.

ఎసెంకుల్ కాలు వెనక్కి తీసుకున్నాడు.

*

మర్నాడు పిల్లలతో ముందుగా ఒకసారి చేయించి చూసింది. ఎల్దోస్ మాట ఖంగుమని ఉంటుంది, చొక్కా ఎప్పుడూ నలగదు. అందుకని కాచే పని వాడికిచ్చింది. మిగతావాళ్ళు తలో పనీ పంచుకున్నారు. బురుల్ వెనక బల్ల దగ్గర కూచుని వడపోత కాగితాలు మడుస్తోంది. గుండ్రటి కాగితాన్ని సగానికి, మళ్ళీ సగానికి మడిచి, ఒక పొర ఇటు, మూడు పొరలు అటు వచ్చేట్టు వేలితో విప్పి, గరాటులో పెట్టి నీటి చుక్కతో అంటించి చూసుకుంటోంది. అంటుకోనిది పక్కన పెడుతోంది.

నూరిన ఉప్పుని గోరువెచ్చని నీళ్ళలో వేసి గాజు పుల్లతో కలిపారు. నీళ్ళు ఇటికరంగుకి తిరిగాయి. బరువైన మట్టి అడుగుకి చేరేదాకా కదపకుండా ఆగారు. పైనీటిని పుల్ల మీదుగా, సన్నటి ధారగా గరాటులోకి వంచారు. గరాటు కొమ్ము గాజుగ్లాసు గోడని తాకుతూ ఉంది. ఎర్రటి నీరు పైన ఉండగా, కింద మాత్రం తేటగా, ఊటనీటిలా దిగుతోంది. ఎన్నిసార్లు చూసినా కల్బూబుకి ఆ క్షణం దగ్గర ఊపిరి ఆగుతుంది.

"గిన్నెలో మూడో వంతుకి మించి పొయ్యకు" అంది ఎల్దోస్‌తో. "కళ్ళద్దాలు సరిగా పెట్టుకో. ముక్కు చివరకి జారితే అవి దేనికి?"

వాడు గిన్నెని ముక్కాలిపీట మీద పెట్టి స్పిరిటు దీపం వెలిగించాడు. నీళ్ళు తగ్గుతున్నకొద్దీ అంచుల్లో తెల్లటి పొర మొలిచింది. వాడు పుల్లతో కలపడం మర్చిపోయి దానికేసే చూస్తూ ఉండిపోయాడు. గిన్నెలో టపటపమని శబ్దమైంది. ఉప్పు పలుకులు ఎగిరి బల్ల మీద పడ్డాయి. పిల్లలు వెనక్కి దూకారు.

"దీపం తియ్యి! ఊదకు, మూత పెట్టు!"

ఎల్దోస్ మూత పెట్టాడు. మంట ఆరింది. వాడి మొహం ఎర్రబడింది.

"పూర్తిగా ఆరిపోయేదాకా ఉంచకూడదని చెప్పానా లేదా?" అంది కల్బూబు. "ఇంకా తడిగా ఉండగానే దించాలి. మిగతా తడిని గిన్నె వేడే లాగేస్తుంది. దానికి తొందర లేదు, మనకే తొందర."

వెనకనించి ఎవరో "మేకనడిగితే ఎప్పుడు దించాలో చెప్పేది" అన్నారు. నవ్వులు లేచాయి. "మే..." అని ఎల్దోస్ సన్నగా అరిచాడు.

"ఎల్దోస్! నీ నోటికి కూడా మూత పెట్టమంటావా?"

నవ్వులు ఆగాయి. బురుల్ తల ఎత్తలేదు. ఇంకో కాగితం తీసి సగానికి మడిచింది.

చివర్న నియమాలు పంచింది. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి. అన్నీ అయిపోయాక బురుల్ లేచి నిలబడింది.

"రుచి చూడకూడదన్నది నేను చెప్తాను ఎజె."

అక్కడ ఆడ టీచర్లని అక్క అన్నట్టే ఎజె అంటారు. కల్బూబు చేతిలో సుద్దముక్క అటూ ఇటూ తిప్పింది.

"అది ఈసారి చెప్పటం లేదమ్మా. గోడ మీద ఉందిగా."

పిల్లలు వెళ్ళిపోయారు. బురుల్ మడిచిన కాగితాల్ని ఒకదాన్లో ఒకటి దూర్చి డబ్బాలో సర్దుతోంది. గడప బయట ఎసెంకుల్ తాళంచెవితో కాచుకుని ఉన్నాడు. కల్బూబు గొంతు తగ్గించి చెప్పింది.

"గురువారం నువ్వు ఇంటి దగ్గర ఉండు తల్లీ. తలనొప్పి అని చెప్పు."

పిల్ల డబ్బా మూత బిగించింది.

"సరే ఎజె." రెండడుగులు వేసి ఆగింది. "మరి వాళ్ళు నోట్లో పెట్టుకుంటే?"

"ఎవరు?"

"వచ్చినవాళ్ళు."

"పెద్దవాళ్ళమ్మా. వాళ్ళకి తెలీదా?"

"నాకూ తెలుసు ఎజె. ఆ రోజు గోడ మీద చదివాను కూడా. అయినా వేలు దానంతటదే వెళ్ళింది."

ఆ మాట అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఎసెంకుల్ పక్కకి తప్పుకుని పిల్లకి దారిచ్చాడు. తర్వాత తలుపు లాగి తాళం వేసి, వేసిందో లేదో ఓసారి లాగి చూసుకున్నాడు.

*

తెచ్చిన రాయి అంతా ఆ రోజే అయిపోయింది. ఇంకోటి కావాలి. బుధవారం సాయంత్రం కల్బూబు బురుల్ వాళ్ళింటికి నడిచింది. వాళ్ళమ్మా నాన్నా మందతో అప్పటికే కొండమీది మేతకి ఎక్కేశారు. బడి అయ్యేదాకా పిల్ల నాయనమ్మ దగ్గర ఉంటుంది. ఆ ముసలావిడని ఊళ్ళో అందరూ అప అంటారు.

అప వాకిట్లో చాప మీద కూచుని, ముందు దుప్పటి మడతేసి పరుచుకుని, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తెల్లటి ఏప్రాన్ రుద్దుతోంది. కల్బూబుని చూసి లేవబోయింది.

"లేవకండి అపా. ఉప్పురాయి కోసం వచ్చాను."

"రాయికేం, గోడ పక్కన గుట్టగా పడున్నాయి. నచ్చింది ఏరుకో. ముందు కూచో. చూశావా ఈ ఏప్రాన్? దీని పెద్దత్త కట్టుకుంది, తర్వాత చిన్నత్త కట్టుకుంది. పసుపెక్కిపోతే పెరుగునీళ్ళలో నానబెట్టాను. రేపు కట్టుకుని నిలబడాలి కదా నా మనవరాలు."

కల్బూబు రాళ్ళ గుట్ట దగ్గరే ఆగిపోయింది.

"పిల్ల చెప్పిందా మీకు?"

"అది ఏం చెప్తుంది, మూగది! నేనే కనిపెట్టాను. పొద్దస్తమానం కాగితం ముక్కలు మడుస్తూ ఉంటే తెలీదా? జిల్లావాళ్ళు వస్తున్నారని గని దగ్గర ఆడవాళ్ళంతా అనుకుంటున్నారు." ముసలావిడ ఇస్త్రీపెట్టె ఎత్తి బొగ్గుల మీద ఉఫ్ అని ఊదింది. "నీతో ఒకటి చెప్పాలి అమ్మాయ్. తప్పు నాది. దీనికి నడక వచ్చిన దగ్గర్నుంచి నేను నేర్పిందే అది. ఎవరింట్లోనన్నా రొట్టె కనిపిస్తే నోటికి తాకించకుండా గడప దాటకు, కొత్త ఉప్పు ఎదురైతే నాలిక్కి తాకించి దణ్ణం పెట్టు, లేకపోతే ఉప్పుకి కోపం వస్తుంది అని. నేను నేర్పిందే అది చేసింది. బళ్ళో మీరు ఇంకోటి నేర్పారు. రెంటి మధ్యా నలిగిపోయింది పిచ్చిది."

"మీ తప్పు కాదు అపా. ఆ గిన్నె కడగాల్సింది నేను."

"ఇద్దరం పంచుకుందాం అయితే" అని అప బోసినోటితో నవ్వింది. "ఎవరన్నా దాన్ని మేక అంటే మాత్రం నాతో చెప్పు. వాడి తాత చిన్నప్పుడు ఏమేం నాకాడో నాకు తెలుసు."

కల్బూబు కూడా నవ్వాల్సొచ్చింది. రాళ్ళలోంచి ఒకటి ఏరి, దుమ్ము తుడిచి సంచిలో వేసుకుంది. బయల్దేరబోతుంటే అప మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి గుడ్డ విప్పి రొట్టే, పక్కన కాస్త ఉప్పూ ముందు పెట్టింది.

"నోటికి తాకించి వెళ్ళు."

"ఆలస్యం అవుతోంది అపా."

"తాకించి వెళ్ళమంటున్నా. తినమన్నానా?"

కల్బూబు చెయ్యి అప్పటికే రొట్టె తుంచింది. అంచు ముక్కని ఉప్పులో అద్ది నోట్లో పెట్టుకుంది. మాట ఇంకా నోట్లో ఉండగానే చెయ్యి పని కానిచ్చేసింది. అది గమనించి ఆమె అక్కడే నమలడం ఆపింది. బురుల్ అన్నమాట చెవిలో మోగింది. వేలు దానంతటదే వెళ్ళింది. ఈ కొండ కింద పుట్టిన ఏ వేలు వెళ్ళదు? రేపు వచ్చేవాళ్ళ వేళ్ళు ఎక్కడివి?

వాకిలి దాటి రోడ్డెక్కేసరికి బురుల్ గొర్రెపిల్లల్ని తోలుకుని ఎదురొచ్చింది. ఒక దాన్ని చంకలో పెట్టుకుని ఉంది. టీచర్ని చూసి దాన్ని కిందికి దించింది.

"రేపు రావద్దన్నానని అపకి చెప్పలేదేం?" అంది కల్బూబు.

పిల్ల కాలితో మట్టి గీసింది. "పెరుగునీళ్ళలో నానబెట్టేసింది ఎజె. ఇంకేం చెప్తాను? పొద్దున కట్టుకుని బయల్దేరి, గని వెనకాల కూచుని బడి విడిచే వేళకి వద్దామనుకున్నా."

కల్బూబు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"గని వెనకాల వద్దు. బడికి రా. రేపు గిన్నె దగ్గర నువ్వు నిలబడాలి."

"ఎల్దోస్ కదా?"

"కాచేది ఎల్దోసే. దించాక గిన్నె బాధ్యత నీది. చల్లారేదాకా పక్కనే ఉండు."

"అగాయ్ ఏమంటాడు?"

"అగాయ్ సంగతి నేను చూసుకుంటాలే."

ఎలా చూసుకుంటుందో ఆమెకే తెలీదు. గొర్రెపిల్ల ఆమె సంచిని మూతితో పొడుస్తోంది. లోపలి రాయి వాసన పట్టినట్టుంది.

*

గురువారం పొద్దున ఎసెంకుల్ కొత్త కోటు వేసుకుని బడి గేటు దగ్గర నిలబడ్డాడు. కల్బూబు ఆయన దగ్గరికి వెళ్ళి ఒక్క మాటలో చెప్పేసింది.

"బురుల్ వచ్చింది అగాయ్. నేనే రమ్మన్నాను."

ఆయన మొహం రోడ్డు మీది దుమ్ము రంగుకి తిరిగింది. నోరు తెరిచాడు. అప్పుడే మలుపు దగ్గర జీపు ధూళి లేచింది.

"నీ గది నువ్వే పోగొట్టుకుంటున్నావు" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. వెంటనే చెయ్యి గుండెమీద పెట్టుకుని నవ్వుమొహంతో జీపుకి ఎదురెళ్ళాడు.

కదిరాలి తెల్లటి కల్పక్ టోపీ పెట్టుకుని, ఊతకర్ర మీద కాస్త వంగి నడిచొచ్చాడు. వెనక జిల్లా ఆఫీసు ఆడవాళ్ళిద్దరు. వాళ్ళని ముందు వరసలో కూచోబెట్టారు. బల్ల మీద గాజుసామాను, దీపం, ముక్కాలిపీట సర్ది ఉన్నాయి. పిల్లల జుట్టు బిగించి కట్టి ఉంది, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. బురుల్ బల్ల చివర, తెల్ల ఏప్రాన్‌లో, చేతులు ముందుకి కట్టుకుని నిలబడింది.

కల్బూబు పాఠం మొదలుపెట్టబోతుండగా ఎసెంకుల్ పూలు కుట్టిన తుండుగుడ్డ మీద గుండ్రటి రొట్టె పట్టుకుని వచ్చాడు. తిన్నగా తెచ్చి పాఠం బల్ల మీద, గాజుగ్లాసుల పక్కన పెట్టాడు.

ఆమె సుద్దముక్క పక్కన పెట్టింది. దగ్గరికి వెళ్ళి మెల్లగా అంది. "అగాయ్, ఇక్కడ వద్దు. కిటికీ దగ్గర పెట్టండి."

"అతిథుల ముందు రొట్టె లేకుండా ఎలా? ఉండనీ" అన్నాడు ఆయన పెదాలు కదలకుండా. వెళ్ళి వెనక గోడకి ఆనుకున్నాడు.

పెట్టిన రొట్టెని అతిథుల కళ్ళముందు నుంచి ఎత్తి తీసెయ్యడానికి కల్బూబుకి చెయ్యి రాలేదు. దాన్ని గిన్నెకి దూరంగా, బల్ల అంచుకి జరిపింది. అంతే చెయ్యగలిగింది.

పాఠం బాగానే సాగింది. రాయి నలిగింది, ఎర్రనీళ్ళు తేరాయి, గరాటు కింద తేటనీరు చుక్కచుక్కగా దిగింది. ఆడవాళ్ళలో ఒకావిడ ముందుకి వంగి చూసింది. ఎల్దోస్ ఈసారి పుల్లతో కలుపుతూనే ఉన్నాడు. అంచున పొర కట్టగానే, ఇంకా తడిగా ఉండగానే దీపం తీసి మూత పెట్టాడు. పట్టకారుతో గిన్నెని చెక్కమీదకి దించాడు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు నియమాలు చెప్పారు. ఒక్కటి తప్ప అన్నీ.

గిన్నెలో ఉప్పు నెమ్మదిగా తెల్లబడింది. పొద్దుటి ఎండ కిటికీలోంచి దాని మీద పడి పలుకులు మెరిశాయి. ఎర్రరాయిలోంచి అంత తెల్లటిది వస్తుందని ముందే తెలిసిన పిల్లలు కూడా మాట్లాడకుండా చూస్తున్నారు.

కదిరాలి కర్ర ఊతగా లేచాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"మన కొండదే కదా ఇది" అన్నాడు. "నా కళ్ళ ముందే కడిగి ఇంత చక్కగా చేసి పెట్టారు. చూస్తూ ఊరుకుంటే తప్పు."

బల్ల దగ్గరికి వచ్చి రొట్టె అంచు తుంచాడు. తుంచిన ముక్కతో చెయ్యి గిన్నె వైపు చాపాడు.

కల్బూబు బల్ల అటువైపు ఉంది. వద్దు అనాలని నోరు తెరిచింది. చదువు చెప్పిన పెద్దాయన, నెరిసిన గడ్డం, రొట్టె పట్టుకున్న చెయ్యి. తెరిచిన నోరు మళ్ళీ మూసుకుంది.

గాజు మూత గిన్నె మీద టక్కున పడింది. బురుల్ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"తాతా, ఈ గదిలో నోటికి తాకించకూడదు."

పిల్లలు ఒకరి భుజాల మీంచి ఒకరు తొంగిచూశారు.

"అయ్యో, పెద్దాయన చెయ్యి ఆపుతుందేమిటే ఈ పిల్ల!" అంది జిల్లా ఆవిడ.

వెనక గోడ దగ్గర ఎసెంకుల్ జేబులో చెయ్యి పెట్టి తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాడు.

కదిరాలి చెయ్యి గాలిలోనే ఉంది. "ఉప్పే కదా తల్లీ" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు చేసిందే. నేను చూస్తుండగా చేసిందే."

"ఉప్పే తాతా. తెల్లగా ఉంది. మాకు అంతవరకే తెలుసు." పిల్ల చేతులు మూత మీద నుంచి కదలలేదు. "ఇంతకుముందు ఇందులో ఏం కాగిందో గిన్నె చెప్పదు."

"నీకెవరు చెప్పారు ఈ మాట?"

బురుల్ కల్బూబు వైపు చూసింది. తర్వాత ఎసెంకుల్ వైపు చూసింది. చూసి, తల తిప్పుకుని పెద్దాయనకే చెప్పింది.

"ఎవరూ చెప్పలేదు. నేనే తిన్నాను. ఇదే బల్ల దగ్గర. అడుగున మైలుతుత్తం ఉంది, కనపళ్ళేదు. అగాయ్ నన్ను జీపులో తీసుకెళ్ళాడు. అప్పట్నుంచి అందరూ నన్ను మేక అంటారు."

ఎవరూ నవ్వలేదు. ఎల్దోస్ తన కళ్ళద్దాలు తీసి గాజు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ తుడవడం ఆపలేదు.

కల్బూబుకి అప్పుడు నోరు పెగిలింది. "ఆ గిన్నె కడిగింది నేను తాతా. సరిగా కడగలేదు."

కదిరాలి చేతిలోని ముక్కని చూసుకున్నాడు. తుంచిన రొట్టెని పారెయ్యలేడు, తిరిగి పెట్టలేడు. దాన్ని తుండుగుడ్డలో పెట్టి, మిగతా రొట్టెతో కలిపి నాలుగు కొనలూ ముడి వేశాడు.

"ఈ రొట్టెని ఇక్కడికి ఎవరు తెచ్చారు?"

"నేనే" అన్నాడు ఎసెంకుల్ వెనక నుంచి.

"నేనయినా తెచ్చేవాణ్ణే" అన్నాడు పెద్దాయన. "పాఠం చెప్పినన్నాళ్ళూ ప్రతిసారీ పిల్లల నాలిక మీద తలో పలుకూ వేసి ఇదిగో ఉప్పు అని చూపించేవాణ్ణి. ఒక్కడికీ ఏమీ కాలేదు. నా గొప్పే అనుకున్నాను. గిన్నెలు మంచివన్నమాట." బురుల్ వైపు తిరిగాడు. "మూత తియ్యకు తల్లీ. పదండి, దీన్ని బయట తిందాం. ముందు చేతులు కడుక్కోవాలి."

*

వాకిట్లో చెట్టు నీడన ఇత్తడి పళ్ళెం పెట్టారు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ చేతుల మీద నీళ్ళు పొయ్యాలి. కొమ్ముచెంబు ఎవరు పట్టుకుంటారని కల్బూబు చూసేలోపే బురుల్ దాన్ని పట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని వచ్చి నిలబడింది. ఏప్రాన్ అంచున ఎర్రమట్టి మరక ఒకటి పడింది. అప చూస్తే మళ్ళీ పెరుగునీళ్ళే.

ముందు కదిరాలి చేతులు చాపాడు. గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకున్నాడు. "నువ్వు కూడా బాగా కడుక్కోవాలి సుమా, గిన్నె ముట్టుకున్నావు" అన్నాడు. "కడుక్కున్నాను తాతా, సబ్బుతో" అంది పిల్ల. ఆయన నవ్వాడు. తర్వాత జిల్లా ఆడవాళ్ళు కడుక్కున్నారు. ఇందాక కేక వేసినావిడ పిల్ల చేతిలోంచి తువ్వాలు తీసుకుంటూ దాని ఏప్రాన్ తాడు వదులైంది చూసి, వెనక్కి తిప్పి ముడి బిగించింది.

చివర ఎసెంకుల్ వచ్చాడు. పళ్ళెం మీదికి వంగి ఒక్క చెయ్యే చాపాడు. రెండోది పిడికిలి బిగించి కోటు పక్కన ఉంది.

బురుల్ చెంబు వంచలేదు. ఆగింది.

"రెండోది కూడా అగాయ్."

ఆయన పిడికిలి వైపు చూసుకున్నాడు. అది బిగించి ఉందని తనకే తెలీనట్టు చూసుకున్నాడు. విప్పాడు. తాళంచెవి పళ్ళు అరచేతిలో ఎర్రగా అచ్చుపడ్డాయి. పెట్టుకోడానికి చోటు కోసం అటూ ఇటూ చూశాడు. ఆ కంగారులో కొత్త కోటు జేబు గుర్తురాక, పక్కనే నిలబడ్డ కల్బూబు వైపు చాపాడు.

"ఇది పట్టుకో."

ఆమె పట్టుకుంది. తాళంచెవి వెచ్చగా ఉంది.

బురుల్ నీళ్ళు పోసింది. ఎసెంకుల్ నెమ్మదిగా, మణికట్ల దాకా కడుక్కున్నాడు. ధార ఆగినా చేతులు తియ్యలేదు. పిల్ల మళ్ళీ పోసింది.

"అప బాగుందా?" అన్నాడు పళ్ళెంకేసి చూస్తూనే.

"బాగుంది అగాయ్."

"వేసవికి కొండెక్కుతారా?"

"బడి అయిపోగానే."

చేతులు విదిలించకుండా, నీళ్ళు కారుతుండగానే పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల తువ్వాలు అందించింది. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. వెళ్ళి పెద్దాయన పక్కన కూచుని, ఆయన ఇచ్చిన రొట్టె ముక్క అందుకుని నోట్లో పెట్టుకున్నాడు.

కల్బూబు తాళంచెవి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడింది. అడుగుతాడని చూసింది. ఆయన నములుతున్నాడు. పెద్దాయన ఏదో అంటే తల ఊపుతున్నాడు. ఓసారి చెయ్యి కోటు జేబు దాకా వెళ్ళింది. ఖాళీ జేబు తడిమి, వెనక్కి వచ్చి ఇంకో ముక్క తుంచింది.

"కల్బూబూ" అన్నాడు ఇటు తిరక్కుండానే, నోట్లో రొట్టెతో. "స్పిరిటు సీసా బల్ల మీదే వదిలేసినట్టున్నావు. లోపల పెట్టి తాళం వేసుకో."

"అలాగే అగాయ్."

ఆమె గది వైపు నడిచింది. వెనకాల చిన్న అడుగుల చప్పుడు వినిపించింది. గడప దగ్గర ఆగి చూస్తే బురుల్, ఖాళీ కొమ్ముచెంబు చేత్తో పట్టుకునే ఉంది.

"ఎజె, ఆ గిన్నె నేను కడగనా?"

"ఇద్దరం కడుగుదాం" అంది కల్బూబు. "నువ్వు రుద్దు, నేను నీళ్ళు పోస్తాను."